ముందు గొర్రె రంగు, ఆ తర్వాతే నా రంగు

ధ్రువకాంతి, హిమానీనదం, లావా, గేసర్. చేతితో రంగు వేసిన ఊలును ఐస్‌లాండ్ పేరు చెప్పి అమ్మేచోట ఈ పేర్లు తరచుగా కనిపిస్తాయి. చిలపకు (ఊలు చుట్టకు) కట్టిన చీటీ చదివితే మాత్రం అందులో ఉన్నది చాలాసార్లు మెరినో అనే వేరే జాతి గొర్రె ఉన్ని, అదీ యంత్రంలో ఉతికినా ముద్దకట్టకుండా రసాయనాలతో పొలుసులను నునుపు చేసిన మెరినో. ఆ ఊలు మెత్తగా ఉంటుంది, రంగును త్వరగా పీల్చుకుంటుంది, బాగా అమ్ముడవుతుంది. అయినా రెయ్‌క్యావిక్‌లో ఉంటూ రంగుల ఊలు వ్యాపారం మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నప్పుడు నేను ఆ దారి వద్దనుకున్నాను. ఈ దేశపు ఉన్ని సంప్రదాయంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది గొర్రె ఒంటిమీది రంగుకు ఇక్కడివాళ్లు ఇచ్చే మర్యాద. తెలుపు, బూడిద, నలుపు, ముదురు గోధుమ అనే ఆ రంగులను వదిలేసి, తెల్లటి మెరినో మీద ఆకుపచ్చ, ఊదా చల్లితే ఐస్‌లాండ్ నుంచి నేను తీసుకున్నది పేరొక్కటే అవుతుంది.

ఈ గొర్రెల పూర్వీకులను 9వ శతాబ్దం చివర ఇక్కడ స్థిరపడిన నార్స్ వలసదారులు పడవల్లో తీసుకువచ్చారు. ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా బయటి జాతులతో కలయిక దాదాపు లేకపోవడం వల్ల ఈ పొట్టితోక గొర్రె తన పాత లక్షణాలను నిలుపుకుంది. 1933లో జర్మనీ నుంచి కరాకుల్ గొర్రెలను తెచ్చినప్పుడు వాటి వెంట దీర్ఘకాలిక వ్యాధులు కూడా వచ్చాయి, మందలకు మందలను వధించవలసి వచ్చింది. 

ఈ గొర్రెకు రెండు పొరల ఉన్ని ఉంటుంది. పై పొరను తోగ్ అంటారు. అది పొడవుగా, నిగనిగలాడుతూ, వాననీటిని జారవిడిచే గరుకు వెంట్రుక. లోపలి పొర అయిన థెల్ సన్నగా, మెత్తగా ఉండి, గాలిని పట్టి ఉంచి వెచ్చదనాన్నిస్తుంది. పాతకాలంలో రెంటినీ చేత్తో విడదీసి, తోగ్‌ను గట్టి దారాలకూ థెల్‌ను ఒంటికి తగిలే దుస్తులకూ వాడేవారు. లోపి అని పిలిచే ఇప్పటి ఐస్‌లాండ్ ఊలులో రెండూ కలిసే ఉంటాయి. అందుకే అది మెడ దగ్గర కొంచెం గుచ్చుకుంటుంది. రంగు వేసేవారికి మాత్రం ఈ కలయిక ఒక వరం: ఒకే కాగులో ముంచినా తోగ్ వెంట్రుకలు మెరుస్తాయి, థెల్ మెరుపు లేకుండా లోతుగా కనిపిస్తుంది, కాబట్టి ఒక్క రంగులోనే రెండు వెలుగులు వస్తాయి. గుచ్చుకుంటుందన్న సంగతిని నేను కొనేవారి దగ్గర దాచను. చర్మం సున్నితమైనవారు లోపల పత్తి చొక్కా వేసుకోవాలని చీటీ మీదే రాస్తాను.

లోపి కథ మోస్‌ఫెల్స్‌బైర్ పట్టణంతో ముడిపడి ఉంది. అక్కడ వార్మా నది జలపాతం దగ్గర 1896లో ఔలాఫోస్ మిల్లు మొదలైంది, ఆ పనిని 1991 నుంచి ఈస్టెక్స్ సంస్థ కొనసాగిస్తోంది. గొర్రెల రైతులు అందులో వాటాదారులు. ఉన్నిని ఉత్తరాన బ్లోండ్యుఓస్‌లో కడిగి, మోస్‌ఫెల్స్‌బైర్‌కు తెచ్చి ఊలు చేస్తారు. సెప్టెంబరులో కొండల మీది నుంచి మందలను దింపి, కొట్టాల్లోకి చేర్చాక శరదృతువులో కత్తిరించిన ఉన్ని శుభ్రంగా, నాణ్యంగా ఉంటుంది. చలికాలమంతా కొట్టంలో గడిపాక వసంతంలో కత్తిరించిన ఉన్ని దానికి సాటిరాదు. లోపిలో బాగా పేరున్నది ప్లోతులోపి, అంటే అసలు పురి పెట్టకుండా పలకలుగా చుట్టిన ఊలు. అల్లడానికి అది అద్భుతంగా ఉంటుంది కానీ నీటిలో నానితే చేతిలోనే తెగిపోతుంది, కనుక రంగు కాగుకు పనికిరాదు. నేను లెట్‌లోపిని ఎంచుకున్నాను. దీనికి కొద్దిగా పురి ఉంటుంది, 50 గ్రాముల ఉండలో 100 మీటర్ల పొడవు వస్తుంది. ఉండలను విప్పి చిలపలుగా చుట్టి, ఒక్కో చిలపకు నాలుగుచోట్ల వదులుగా కట్లు కట్టడం ఈ వ్యాపారంలో కనిపించని శ్రమ; ధర నిర్ణయించేటప్పుడు చాలామంది లెక్కలోకి తీసుకోనిది కూడా ఇదే.

అయితే లెట్‌లోపి మిల్లు రంగుల్లోనే డజన్లకొద్దీ దొరుకుతుంది, సూపర్‌మార్కెట్‌లో కూడా కొనుక్కోవచ్చు. అలాంటప్పుడు నా దగ్గర ఎందుకు కొనాలి? ఈ ప్రశ్నకు జవాబు నాకు లోపాపేయ్సా స్వెటర్ అల్లికలోనే దొరికింది. ఇది అనాదిగా వస్తున్న దుస్తు అని చాలామంది అనుకుంటారు కానీ, భుజాల చుట్టూ వలయంగా నగిషీ ఉండే ఈ స్వెటర్ 20వ శతాబ్దపు మధ్యకాలంలో రూపుదిద్దుకున్నది. చాలా స్వెటర్లలో ఒళ్లంతా గొర్రె రంగే ఉంటుంది, వేరే రంగులు ప్రధానంగా ఆ వలయంలోనే కనిపిస్తాయి. పెద్దవారి స్వెటర్‌కు సుమారు అరకిలో ఊలు పడితే, నగిషీలోని ఒక్కో రంగుకు చాలాసార్లు ఒక ఉండ కూడా పూర్తిగా ఖర్చవదు. అందువల్ల నేను ఒంటికి కావలసిన ఊలు అమ్మను. వలయానికి సరిపడే రంగులను 25 గ్రాముల చిన్న చిలపలుగా, నాలుగేసి రంగుల జతలుగా అమ్ముతాను. ఒంటికి కావలసిన బూడిదరంగు ఊలును మిల్లు దగ్గరే కొనుక్కొమ్మని కొనేవారికి చెబుతాను.

ఇక్కడ ఒక కచ్చితమైన షరతు ఉంది. చేతిరంగుల ఊలు అనగానే ఒకే చిలపలో ఐదారు రంగులు మారుతూ పోవడం నేటి అలవాటు, కానీ రెండు రంగులతో అల్లే నగిషీని అలాంటి ఊలు మింగేస్తుంది. నగిషీ కంటికి కనబడేది రంగుల తేడా వల్ల కన్నా వాటి వెలుగునీడల తేడా వల్ల. ఎరుపూ పచ్చా పక్కపక్కన ఉన్నా రెండూ ఒకే ముదురులో ఉంటే దూరం నుంచి ఒకే మచ్చలా కనిపిస్తాయి. కనుక నా చిలపల్లో ఒక రంగే ఉండాలి, అందులో మాత్రం లేతా ముదురూ మెల్లగా మారవచ్చు. జతను ఖాయం చేసేముందు ఫోన్‌లో నలుపు తెలుపు ఫొటో తీస్తే, ఏ రంగు దేనిలో కలిసిపోతుందో వెంటనే తెలిసిపోతుంది.

రంగును లేత బూడిద ఊలు మీద వేయడమే నా పద్ధతి. పసుపు వేస్తే నాచురంగు వస్తుంది, నీలం వేస్తే పలకరాయి రంగు, ఎరుపు వేస్తే తుప్పు ఛాయ. కింద ఉన్న బూడిద అన్నిటినీ ఒకే కుటుంబంలోకి తెస్తుంది, కాబట్టి నాలుగు రంగులు పక్కపక్కన పెట్టినా ఒకదానితో ఒకటి పోట్లాడవు. 100 గ్రాముల ఊలుకు 1 గ్రాము రంగుపొడి అన్నది మామూలు కొలత. ముదురు బూడిద మీద అంతకు రెట్టింపు వేసినా పెద్దగా తెలియదు, కనుక దాన్ని రంగు వేయకుండా అలాగే వదిలేయడం మేలు.

నీటి సంగతి కూడా చెప్పాలి. రెయ్‌క్యావిక్ ఇళ్లలోని వేడినీళ్లకు భూగర్భ వేడిమి ఆధారం, ఆ నీళ్లకు గంధకపు వాసన ఉంటుంది, వెండి నగలు వాటిలో నల్లబడతాయి. ఇనుము, రాగి లవణాలు వాడే అద్దకంలో ఆ గంధకం రంగును మసకబార్చగలదు. అందుచేత చేతికి అందుబాటులో ఉన్నా వేడినీళ్ల కుళాయిని తాకకుండా, చన్నీళ్లను స్టవ్ మీద కాచుకుంటాను. చన్నీళ్లు కొంత క్షారగుణం ఉన్నవైనా లవణాలు చాలా తక్కువ కాబట్టి, ఆమ్ల రంగులకు కావలసిన పుల్లదనం కొద్దిపాటి సిట్రిక్ ఆమ్లంతోనే వచ్చేస్తుంది. నానబెట్టిన చిలపలను గోరువెచ్చని కాగులో వేసి, మెల్లమెల్లగా 85 డిగ్రీల దాకా తెచ్చి, కలియబెట్టకుండా అరగంటపైన ఉంచి, ఆ నీటిలోనే చల్లారనివ్వాలి. వేడి ఒక్కసారిగా మారినా, కర్రతో తిప్పినా పొలుసులు తీయని ఈ ఉన్ని ముద్దకట్టుకుపోతుంది. ఓపిక లేనివారికి మెరినోయే మంచిది.

మొక్కల రంగుల మీద నాకు మోజు ఉంది కానీ హద్దులు కూడా ఉన్నాయి. పూర్వం ఇక్కడివాళ్లు లైకెన్లతో గోధుమ ఛాయలు తీసేవారు. ఇవి మన రాతిపువ్వు కుటుంబానికి చెందినవే. ఎలుగుపండు (బేర్‌బెర్రీ) పొద ఆకులనూ చిత్తడినేలల్లోని ఇనుము నిండిన నల్లటి బురదనూ కలిపి నలుపు తెచ్చేవారు. ఆకులోని టానిన్ ఇనుముతో కలిసినప్పుడు పుట్టే నలుపు అది. నీలానికి మాత్రం దిగుమతి చేసుకున్న నీలిమందే ఆధారం. లైకెన్ ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లకు మించి పెరగదు, దాన్ని రాళ్ల మీది నుంచి గీకి అమ్ముకోవడానికి నా మనసు ఒప్పుకోదు. లూపిన్ విషయం వేరు. కోతకు గురైన నేలను నిలబెట్టడానికి అటవీశాఖ అధిపతి హాకోన్ బ్యార్నసన్ 1945లో అలాస్కా నుంచి తెచ్చిన ఆ మొక్క ఇప్పుడు స్థానిక పొదలను కప్పేస్తూ విస్తరిస్తోంది. దాని ఆకుల నుంచి పటిక సాయంతో చక్కని పసుపుపచ్చ వస్తుంది, ఎంత కోసినా తరిగేది కాదు. రబార్బ్ వేరు నుంచి నారింజ ఛాయ ఉన్న పసుపు వస్తుంది. ఈ రెండింటినీ వేసవిలో మాత్రం చిన్న విడతలుగా చేస్తాను. మళ్లీ అదే రంగు కావాలంటే ఇవ్వలేను కాబట్టి, ఏడాది పొడవునా అమ్మే జతలకు ఆమ్ల రంగులనే వాడతాను.

ఇక లెక్కలు. ఇక్కడ ఏడాదిలో అమ్మకాలు 20 లక్షల క్రోనాలు దాటితే విలువ ఆధారిత పన్ను కోసం నమోదు చేసుకోవాలి. ఊలు మీద ఆ పన్ను 24 శాతం, విదేశాలకు పంపే సరుకు మీద ఉండదు. ఆ హద్దు దాటినరోజు ధరలు పెంచి కొనేవారిని ఉలిక్కిపడేలా చేయడం ఇష్టంలేక, మొదటినుంచీ పన్ను కలిపినట్టే ధర నిర్ణయించాను.

పేరు పెట్టడంలో కూడా నియమం ఉంది. ‘ఐస్‌లాండ్ లోపాపేయ్సా’ అనే పేరుకు 2020 నుంచి చట్టరక్షణ ఉంది. ఐస్‌లాండ్ గొర్రె ఉన్నితో, ఐస్‌లాండ్‌లోనే, చేతితో అల్లిన స్వెటర్‌కే ఆ పేరు చెల్లుతుంది. నా ఊలుతో మరో దేశంలో ఎవరైనా అల్లుకున్నది ఎంత అందంగా ఉన్నా దాన్ని ఆ పేరుతో అమ్మకూడదు, ఈ సంగతి ప్రతి పొట్లంలోనూ ఒక కాగితం మీద ఉంటుంది. చిలప చీటీ మీద మాత్రం నాలుగే వివరాలు ఉంటాయి: ఉన్ని ఐస్‌లాండ్ గొర్రెది, కింది రంగు గొర్రెది, పై రంగు ఫలానా విడతది, చేత్తో చన్నీళ్లలో ఉతకాలి.