తెలుగు ఆప్షనల్‌లో శకుంతల: తిరస్కారానికి ఆమె ఇచ్చిన జవాబును ఎలా చదివాను

సివిల్స్ మెయిన్స్‌కు తెలుగు సాహిత్యాన్ని ఆప్షనల్‌గా ఎంచుకున్నవారికి రెండో పేపరులో మొట్టమొదటి పాఠ్యభాగం నన్నయ దుష్యంత చరిత్ర. ఆదిపర్వం చతుర్థాశ్వాసంలో 5 నుంచి 109 వరకు పద్యగద్యాలే సిలబస్‌లో ఉన్నాయి కాబట్టి చాలామంది దీన్ని త్వరగా ముగించి శ్రీశ్రీ దగ్గరికో, రావిశాస్త్రి దగ్గరికో వెళ్లిపోతారు. విశాఖలో చదువుకునేవారికి వారిద్దరూ మనవాళ్లన్న మమకారం కూడా ఉంటుంది. నేను మాత్రం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో కూర్చుని ఈ భాగాన్నే పదే పదే చదివాను. మెయిన్స్ ఫలితాల జాబితాలో నా నంబరు లేని ఏడాది అది. తిరస్కారానికి గురైన పాత్ర మీద అప్పుడు శ్రద్ధ పెరగడంలో వింతేమీ లేదు.

ఈ పాత్ర గురించి రాసేటప్పుడు ముందుగా కాళిదాసును పక్కన పెట్టాలి. దుర్వాసుని శాపం, పోయిన ఉంగరం ఆయన శాకుంతల నాటకంలోవి. నన్నయ భారతంలో అవి లేవు. ఈ తేడా పాత్రనే మార్చేస్తుంది. నాటకంలో రాజు నిజంగానే మరచిపోయాడు కాబట్టి నింద శాపం మీదికి పోతుంది. నన్నయ దుష్యంతుడికి అంతా గుర్తుంది. కొడుకుతో సభకు వచ్చిన భార్యను, లోకాపవాదానికి వెరచి, తెలిసి తెలిసీ ఎరుగనంటాడు. గుర్తున్నవాడు నిండుసభలో కాదన్నప్పుడు ఆ మాటకు శకుంతల తానే జవాబు చెప్పుకోవలసి వచ్చింది, ఆ జవాబులోనే పాత్ర ఎదుగుతుంది.

ఆమె వాదం ఒకచోట నిలవదు. తెలిసి కూడా తెలియనట్లు సామాన్యుడిలా పలకడం రాజుకు తగునా అని మొదట అడుగుతుంది. మనుషులెవరూ చూడకపోయినా సూర్యచంద్రాదులు సాక్షులుగా ఉన్నారని గుర్తుచేస్తుంది. భార్య గౌరవాన్ని చెప్పి, ఆపైన కొడుకును చూపి, ముత్యాల హారాలు, కర్పూరం, చందనం, వెన్నెల ఇవ్వలేని చల్లదనం బిడ్డ కౌగిలిలో ఉందంటుంది. చివరకు నూరు నూతుల కంటె ఒక దిగుడుబావి, నూరు బావుల కంటె ఒక యజ్ఞం, నూరు యజ్ఞాల కంటె ఒక కొడుకు, నూరుగురు కొడుకుల కంటె ఒక సత్యవాక్యం మేలని తేలుస్తుంది. ఈ క్రమంలో కొడుకు స్థానాన్ని గమనించండి. ఏ కొడుకు కోసం సభకు వచ్చిందో ఆ కొడుకు కంటె సత్యమే గొప్పదని ఆమె నోటనే వస్తుంది. తన హక్కు అడగడానికి వచ్చిన స్త్రీ అప్పటికి రాజధర్మాన్నే నిలదీసే స్థితికి చేరింది.

అయితే ఇక్కడితో ఆపి, ఆమె దుఃఖాన్ని జయించిందని రాస్తే అది పుస్తకం చదవనివారు రాసిన జవాబులా ఉంటుంది. అంత చెప్పినా దుష్యంతుడు దిగిరాడు. అప్పుడు శకుంతల, పుట్టిననాడే తల్లిదండ్రులు విడిచిపెట్టారు, ఇప్పుడు భర్త కూడా విడిచిపెడుతున్నాడా అని వాపోతుంది. మేనకా విశ్వామిత్రుల నాటి పాత గాయం ఈ కొత్త గాయంతో కలిసిపోయిన క్షణమది. ఎదుగుదలను మెట్లు మెట్లుగా చూపడం మనకు అలవాటు. నన్నయ అలా చూపలేదు. సత్యం గురించి అంత నిబ్బరంగా మాట్లాడిన మనిషే ఆ వెంటనే కుంగిపోవడం ఈ పాత్రలో నాకు అన్నిటికంటె నమ్మదగినదిగా తోచింది.

చివర శకుంతల మాట నిజమని పలికే ఆకాశవాణి గురించి జవాబులో ఒక్క వాక్యం రాస్తే చాలు. అది దుష్యంతుడి చేత ఒప్పించింది, లోకాన్ని నమ్మించింది. శకుంతల చెప్పవలసినదంతా అప్పటికే చెప్పేసింది. నన్నయ కవితాలక్షణాలు మూడింటినీ ప్రతి జవాబులోనూ కుక్కే అలవాటు మనలో చాలామందికి ఉంది, కానీ శకుంతల పాత్ర మీద అడిగే ప్రశ్నకు నానారుచిరార్థ సూక్తినిధిత్వం (రకరకాల అందమైన అర్థాలున్న మంచిమాటలకు నిధి కావడం) ఒక్కటే నేరుగా పనికొస్తుంది, ఎందుకంటే ఇక్కడ సూక్తి అలంకారం కాదు, దిక్కులేని మనిషి చేతిలోని ఏకైక ఆధారం.

పోల్చి రాయమంటే, ఇదే పేపరులో ఉన్న పింగళి సూరన కావ్యం కళాపూర్ణోదయంలోని సుగాత్రిని ఎంచుకోండి. నగలన్నీ పెట్టుకుని వచ్చినంతకాలం పట్టించుకోని భర్త శాలీనుడు, ఆమె అవి తీసేసి తోటపనిలో చేయి కలిపాక దగ్గరవుతాడు. ఆమె వాదించదు, సాక్షులను పిలవదు. కళాపూర్ణోదయం చతుర్థాశ్వాసంలో 60 నుంచి 142 వరకు ఉన్న ఆ భాగాన్ని, శకుంతల మాటలు ఇంకా చెవిలో ఉండగానే చదివితే తేడా బాగా పట్టుబడుతుంది.