గోల్కొండ చప్పట్లు

ఎక్స్‌ఛేంజ్ ప్రోగ్రాంలో వచ్చి మా ఇంట్లో ఉంటున్న జర్మనీ అమ్మాయికి ఈ శని, ఆదివారాలు మన ఊరు చూపించాను. చార్మినార్ 1591లో కట్టారని నేను గొప్పగా చెప్తుంటే, తన చూపంతా లాడ్ బజార్ గాజుల మీదే. బేరం నేనే ఆడాను. ఇరవై రూపాయలు కూడా తగ్గించలేకపోయాను, అది వేరే సంగతి.

సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా ముందు మాత్రం కదల్లేదు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మ అది. "ముసుగు కూడా రాయే కదా, మరి లోపల ముఖం ఎలా కనిపిస్తోంది?" అని అడిగింది. స్కూలు రోజుల నుంచీ చూస్తున్నాను, నాకెప్పుడూ ఆ ప్రశ్నే రాలేదు!

గోల్కొండలో మెట్లు చూసి మోకాలి నొప్పి అని సాకు చెప్పేశాను. తమ్ముణ్ణి తోడిచ్చి తనని కోట పైనున్న బాలా హిస్సార్‌కి పంపి, నేను కింద ఫతే దర్వాజా దగ్గరే ఉండిపోయాను. గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొట్టగానే ఫోన్ మోగింది. "అక్కా, వినిపించింది!" ఒకటే అరుపు.

పుట్టి పెరిగింది ఇక్కడే. ఆ చప్పుడు పైనుంచి నేనింతవరకు వినలేదు. వచ్చే ఆదివారం నేనెక్కుతాను, చప్పట్లు తను కొడుతుందట.