నా పేరు పులెంగ్

2016 జనవరి చివర్లో ఒక సాయంత్రం, లెసోతో దేశంలో థాబా-త్సేకా జిల్లాలోని ఒక కొండ ఊళ్ళో వ్యాన్ దిగేసరికి సన్నగా చినుకులు పడుతున్నాయి. నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చిన ముసలావిడ తల మీద దుప్పటి కప్పుకోలేదు. ముఖం ఆకాశానికి ఎత్తి, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే నిలబడింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని ఏదో అంది. పక్కనున్న టీచర్ ఇంగ్లీషులో చెప్పింది: "నీకు పేరు పెట్టేసింది. పులెంగ్. వాన పడుతున్నప్పుడు పుట్టిన ఆడపిల్లలకు పెట్టే పేరు."

చినుకులు పది నిమిషాల్లో ఆగిపోయాయి. పేరు మాత్రం పదకొండు నెలలు నాతోనే ఉంది.

ఆ ముసలావిడ చూపు నాకు కొత్త కాదు. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు పల్లె. వేరుశనగ చేను గట్టు మీద నిలబడి మా నాన్న మబ్బుల వైపు అలాగే చూసేవాడు. నేను వెళ్ళిన ఏడు ఆఫ్రికా ఖండం దక్షిణ భాగమంతా ఎల్‌నినో కరువు. 2015 డిసెంబర్‌లోనే లెసోతో ప్రభుత్వం కరువు అత్యవసర పరిస్థితి ప్రకటించింది. లెక్కల టీచర్‌గా స్వచ్ఛంద సేవకు వెళ్తున్నానని తెలిసి ఇంట్లో అందరూ చలి గురించి, భాష గురించి భయపెట్టారు. కరువు ఊరి నుంచి ఇంకో కరువు ఊరికే వెళ్తున్నానని ఎవరికీ తోచలేదు, నాకు కూడా.

మ్యాప్‌లో చూస్తే లెసోతో చుట్టూ దక్షిణాఫ్రికానే. దేశం మొత్తంలో అన్నిటికన్నా పల్లపు చోటు కూడా సముద్ర మట్టానికి 1,400 మీటర్ల ఎత్తులో ఉంది. రాసేది లెసోతో, వాళ్ళు పలికేది "లెసూటూ". రాజధాని మసేరు నుంచి మా ఊరికి వెళ్ళే దారిలో ఒక కనుమ పేరు "మొదిమో న్థూసే", అంటే దేవుడా కాపాడు అని. ఆ మలుపుల్లో వ్యాన్ ఎక్కుతుంటే ఆ పేరు ఎందుకు పెట్టారో ఎవరినీ అడగనక్కర్లేదు.

నేను ఉన్నది గుండ్రటి రాతి గుడిసెలో. పైన గడ్డి కప్పు. పక్క గుడిసెలో ఆ ముసలావిడ, ఆమె ఇద్దరు మనవళ్ళు. అందరూ ఆమెను న్ఖోనో అంటారు, అంటే అమ్మమ్మ. నేనూ అలాగే పిలిచాను. కూతురు మసేరులో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది, నెలకోసారి వస్తుంది. అల్లుడు దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో పనిచేసి, ఊపిరితిత్తుల జబ్బుతో తిరిగొచ్చి చనిపోయాడు. ఆ ఊళ్ళో చాలా ఇళ్ళ కథ ఇలాంటిదే. అప్పటికి దేశంలో పెద్దవాళ్ళలో దాదాపు నలుగురిలో ఒకరికి హెచ్‌ఐవి ఉంది. శనివారం అంటే అంత్యక్రియల రోజు. మొదట్లో శనివారాలు ఇంట్లో కూర్చుని పాఠాలు రాసుకునేదాన్ని. మూడో శనివారం న్ఖోనో వచ్చి గుమ్మంలో నిలబడి, "నువ్వు ఈ ఊరి మనిషివి కాదా?" అని అడిగింది. ఆ రోజు నుంచి నేనూ వెళ్ళాను. మాటలు అర్థం కాకపోయినా కూరగాయలు తరగడానికి, గిన్నెలు తోమడానికి భాష అక్కర్లేదు. బడిలో తోటి టీచర్లు నాతో మనసు విప్పి మాట్లాడటం మొదలైంది ఆ గిన్నెల దగ్గరే.

పొద్దున అయిదు గంటలకు నీళ్ళు. ఊరి కుళాయి ఏప్రిల్‌కి పూర్తిగా ఎండిపోయింది. కొండ కింద ఊట దగ్గరికి దిగాలి, ఇరవై లీటర్ల బకెట్ నింపడానికి ఒక్కోసారి గంట పట్టేది. ఆడపిల్లలు తల మీద గుడ్డ చుట్ట పెట్టుకుని, చేత్తో పట్టుకోకుండా కబుర్లు చెప్పుకుంటూ ఎక్కేవాళ్ళు. చిన్నప్పుడు బిందె మోసిన అలవాటు నా మెడకు గుర్తుంది కానీ, ఆ కొండ గాలికి ఊపిరి అందేది కాదు. రెండు రోజులకు ఒక బకెట్ లెక్కన బతకడం నేర్చుకున్నాను. ముఖం కడిగిన నీళ్ళతో కాళ్ళు, ఆ నీళ్ళతోనే గుడ్డలు, మిగిలింది న్ఖోనో పెరట్లో ఆకుకూరకు.

ఒక ఆదివారం కట్సే డ్యామ్ చూడటానికి వెళ్ళాను. అదీ మా జిల్లాలోనే. 185 మీటర్ల ఎత్తున కొండల మధ్య వంగి నిలబడిన కాంక్రీటు గోడ. 1986లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఈ కొండల నీళ్ళు సొరంగాల గుండా జోహన్నెస్‌బర్గ్ వైపు వెళ్తాయి, దానికి లెసోతోకు డబ్బు వస్తుంది. ఆ డబ్బు దేశానికి అవసరమే, కాదనను. కానీ మర్నాడు పొద్దున ఊట దగ్గర వరసలో నిలబడితే ఆ నీలం నీళ్ళు కళ్ళ ముందు కదిలి కోపం వచ్చింది. న్ఖోనోతో ఆ మాట అంటే, "నది పెద్దది, బకెట్ చిన్నది, పద" అంది.

బడి ఇరవై నిమిషాల నడక. నాకు నలభై అయిదు నిమిషాలు పట్టేది, ఎందుకంటే దారిలో ఎదురైన ప్రతి మనిషినీ పలకరించాలి. "దుమేలా మ్మే", "దుమేలా న్తాతే". మ్మే అంటే అమ్మ, న్తాతే అంటే నాన్న. ముక్కూ మొహం తెలియని వాళ్ళని కూడా వరసలు పెట్టి పిలవడం మా పల్లెలో పెరిగిన నాకు ఎంత హాయిగా అనిపించిందో! పలకరించి ఊరుకుంటే చాలదు. "ఉ ఫెలా జ్వాంగ్?" అని అడగాలి, ఎలా బతుకుతున్నావు అని. జవాబు విని, వాళ్ళు తిరిగి అడిగేదాకా ఆగాలి. తొందరగా నడిచిపోయే మనిషిని అక్కడ ఎవరూ నమ్మరు.

తిండి విషయంలో నాకు ఒక్కరోజు కూడా ఇబ్బంది కలగలేదు. మొక్కజొన్న పిండితో గట్టిగా గెలికి చేసే ముద్దను "పాపా" అంటారు. పక్కన తరిగి వేయించిన ఆకుకూర, "మొరొహో". సంకటి, ఆకు పప్పు తిని పెరిగినదాన్ని, ఇంకేం కావాలి? జొన్న పిండి పులియబెట్టి కాచే "మొతొహో" మొదటిసారి తాగినప్పుడు మా అవ్వ చేసే అంబలి గుర్తొచ్చి గొంతు పట్టేసింది. ఇంటి నుంచి తెచ్చుకున్న వేరుశనగ పొడి న్ఖోనో ముద్దలో అద్దుకుని తింది. మర్నాడు పొద్దునే వచ్చి, డబ్బాలో ఎంత మిగిలిందో చూసింది.

అసలు పని గురించి చెప్పాలి. ఆరో తరగతిలో 54 మంది పిల్లలు, అందులో మగపిల్లలు 19 మందే. మిగతా మగపిల్లలు కొండల్లో గొర్రెలు, పశువులు కాస్తుంటారు. బడికి వచ్చే వాళ్ళకు ఇంకో కష్టం. మూడో తరగతి వరకు చదువు వాళ్ళ భాష సెసోతోలో, నాలుగు నుంచి ఒక్కసారిగా ఇంగ్లీషులో. తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియంకు మారిన నాకు ఆ పిల్లల మౌనం బాగా తెలుసు. వాళ్ళకు లెక్క వస్తుంది, లెక్క అడిగిన భాష రాదు. పంపుతామని మాట ఇచ్చిన పుస్తకాలు మే నెల దాటినా రాలేదు. రాత్రిళ్ళు టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

దారి చూపించింది ఒక కాపరి కుర్రాడు. పదమూడేళ్ళుంటాయి. గమ్ బూట్లు, భుజాన దుప్పటి, చేతిలో కర్ర. చలికాలం మందను కిందికి తోలుకొచ్చాక సాయంత్రాలు మా గుడిసె ముందు కూర్చునేవాడు. వాడి దగ్గరే నేను వాళ్ళ అంకెలు నేర్చుకున్నాను. ఎడమ చిటికెన వేలితో మొదలుపెట్టి లెక్కపెడతారు. ఏడుకు వాళ్ళ మాట "సుపా", చూపించు అని. ఎడమ చేతి అయిదు, కుడి బొటనవేలు దాటితే ఏడోది మన చూపుడు వేలే కదా! ఎనిమిది "రొబెదీ", అంటే రెండు మడువు. తొమ్మిది "రొబొంగ్", ఒకటి మడువు. పది వేళ్ళలో రెండు మడిస్తే ఎనిమిది, ఒకటి మడిస్తే తొమ్మిది. పదిలోంచి తీసివేత వాళ్ళ భాషలోనే ఉంది!

మర్నాడు తరగతిలో రెండు చేతులూ ఎత్తి, రెండు వేళ్ళు మడిచి, "ఎనిమిదికీ ఏడుకీ ఎంత?" అని అడిగాను, సెసోతోలోనే. ముందు వరసలో ఒక పిల్ల నా మడిచిన వేళ్ళు చూసి, "ఏడులోంచి రెండు మీకిస్తా, అయిదు మిగులుతాయి, పదిహేను" అంది. ఆ పిల్ల అప్పటిదాకా తరగతిలో నోరు తెరవలేదు. వెనక బెంచీల నుంచి చేతులు లేచాయి. తర్వాత ఆ మాటనే ఇంగ్లీషులో చెప్పించాను. అక్కడి నుంచి ప్రతి పాఠం అలాగే, ముందు వాళ్ళ మాట, తర్వాత పుస్తకం మాట. కాపరి కుర్రాడిని బడిలో చేర్పించాలని గొర్రెల యజమానిని రెండుసార్లు కలిశాను. ఒప్పుకోలేదు. వాడి జీతం గొర్రెల్లోనే, మధ్యలో మానేస్తే అదీ పోతుంది. వాడు అక్టోబర్‌లో మళ్ళీ మంద తోలుకుని కొండ పైకి వెళ్ళిపోయాడు. సంచిలో నేను రాసిచ్చిన ఎక్కాల కాగితం పెట్టుకున్నాడు.

జూన్, జూలైలలో మంచు పడింది. బకెట్‌లో నీళ్ళు పొద్దునకు గడ్డకట్టేవి. ఎండిన పేడ ఇటుకలు, "దిసు" అంటారు, వాటి మంట చుట్టూ అందరం చేరేవాళ్ళం. పిడకల పొగ వాసనకు కళ్ళు మూసుకుంటే నేను ఎక్కడున్నానో చెప్పలేకపోయేదాన్ని.

సెప్టెంబర్‌లో చలి తగ్గాక న్ఖోనో గోడలు అలకడం మొదలుపెట్టింది. మట్టి, పేడ కలిపి మెత్తి, తడి ఆరకముందే వేళ్ళతో గీతలు గీస్తుంది. ఈ బొమ్మల్ని "దితెమా" అంటారు, దున్నిన చేలు అని అర్థం. నిజంగానే చాళ్ళలాగా ఉంటాయి. ఇది ఆడవాళ్ళ పని, తల్లి నుంచి కూతురికి వచ్చే విద్య. వాకిలి పక్కన కొంచెం చోటు నాకు వదిలింది. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ మెలికలు తిప్పి ముగ్గు గీశాను. ఆమె వేలితో ఆ మెలిక వెంబడే మొదలు నుంచి చివరిదాకా వెళ్ళి చూసింది, ఎక్కడా తెగలేదు. "ఇవి చనిపోయిన పెద్దలకు మన ప్రార్థన. వాన వచ్చి వీటిని కడిగేస్తే, వాళ్ళు విన్నారని" అని చెప్పింది.

నవంబర్ మూడో వారంలో ఒక రాత్రి గడ్డి కప్పు మీద మోత మొదలై తెల్లవారేదాకా ఆగలేదు. పొద్దున తలుపు తీస్తే న్ఖోనో తడిసిన దుప్పటితో వాకిట్లో నిలబడి ఉంది. గోడ నుంచి ఎర్రటి నీళ్ళు కారుతున్నాయి. ఆమె చాళ్ళు లేవు, నా చుక్కలు లేవు. పిల్లలు ఖాళీ బకెట్లన్నీ చూరు కింద పెట్టి అటూ ఇటూ పరుగెడుతున్నారు. నన్ను చూసి ఆమె రెండు చేతులూ చాచి, ఊరంతా వినపడేలా నా పేరు పిలిచింది. తర్వాత గోడ తడిమి చూసి, "డిసెంబర్‌లో వెళ్ళేలోపు ఇది ఆరుతుంది. నీ చుక్కలు నువ్వే మళ్ళీ పెట్టి వెళ్ళాలి" అంది.