జేబు మీదికి వెళ్ళే చెయ్యి

సిగరెట్ మానేసి ఈరోజుకు 11 రోజులు. పొద్దున లేవగానే గుర్తొచ్చింది, అది రోజూ ఉండేదే. గట్టిగా పట్టుకున్నది మాత్రం మధ్యాహ్నం, ఫోన్ మాట్లాడుతుండగా. ఆఫీసు పని, కాస్త టెన్షన్ పెట్టే విషయం. వింటూ వింటూనే లేచి బాల్కనీలోకి వెళ్ళాను. కుడి చెయ్యి చొక్కా జేబులోకి వెళ్ళి తడిమింది. పెన్ను తగిలింది. అప్పటిదాకా ఏం వెతుకుతున్నానో నాకే తెలియలేదు.

మొదటి వారమంతా సిగరెట్ ఊసే తలపులోకి రానివ్వకూడదని పంతం పట్టాను. ఎంత వద్దనుకుంటే అంత వచ్చేది. 1987లో డేనియల్ వెగ్నర్ అనే సైకాలజిస్టు, ఆయన తోటివాళ్ళు ఒక ప్రయోగం చేశారు. తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దు, గుర్తొస్తే గంట కొట్టండి అన్నారు. ఐదు నిమిషాల్లో గంట పదే పదే మోగింది. అది చదివాక ఎంత ఊరటగా అనిపించిందో! అన్నాళ్ళూ నాకే మనసు గట్టిది కాదని కుమిలిపోయాను.

అందుకే ఇవాళ తరమలేదు. ఫోన్ పెట్టేసి, రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను. నోట్లో నీళ్ళూరుతున్నాయి, దవడ బిగుసుకుంది, వేళ్ళు ఊరుకోవడం లేదు. ఒక్కొక్కదాన్నీ గమనిస్తూ గడియారం చూశాను. నాలుగో నిమిషంలో దవడ వదులైంది. కోరిక పూర్తిగా పోలేదు గానీ కాస్త పక్కకు జరిగింది. నీళ్ళు తాగి పనిలో పడ్డాను.

నికోటిన్ ఒంట్లో సుమారు రెండు గంటలకోసారి సగమవుతుంది, కాబట్టి అదెప్పుడో పోయి ఉంటుంది. చెయ్యికి మాత్రం ఆ సంగతి ఇంకా తెలియదు. ఫోన్ మోగితే బాల్కనీ, బాల్కనీ అయితే సిగరెట్, ఇన్నేళ్ళూ దానికి నేను నేర్పింది అదే.

నిద్ర కాస్త నయం. పొగ తాగేవాళ్ళ ఒంట్లో కెఫీన్ త్వరగా కరిగిపోతుంది, మానేశాక అదే కాఫీ ఎక్కువసేపు నిలిచి ఉంటుంది. ఆ దడంతా సిగరెట్ లేకనే అనుకున్నాను. సాయంత్రం కప్పు ఆపేసి రెండు రోజులైంది.

చీకటి పడ్డాక మెట్ల మీద ఎవరో కాల్చి వెళ్ళిన వాసన. ఊపిరి కుదుటపడేదాకా నిలబడి, పైకి వచ్చేశాను.

ఇందాక చొక్కా ఉతకడానికి వేస్తూ జేబు తిరగేశాను. కుట్టు వెంట సన్నగా పొగాకు పొడి. కిటికీలోంచి దులిపేశాను.