నా పేరున్న రాజులు: నాసిక్ నుంచి దేవగిరి దాకా

కృష్ణ అని పేరున్నవాడికి తన పేరు మీద పెద్దగా హక్కేమీ ఉండదు. ఎవరైనా గట్టిగా పిలిస్తే నలుగురు తిరిగి చూస్తారు, బళ్ళో ఇంటిపేరు కలిపితే తప్ప ఏ కృష్ణో తేలదు, నెట్‌లో కొడితే ముందు దేవుడు, తర్వాత నది, తర్వాత సినిమా హీరో వస్తారు, మన వంతు రానే రాదు. అశోక్ అనేవాడికి ఒక అశోకుడున్నాడు, రుద్రమ అని పేరుంటే ఇక చెప్పక్కర్లేదు. చరిత్రలో నీ పేరున్నవాళ్ళు ఎవరంటే అందరూ ఠక్కున చెప్పేది కృష్ణదేవరాయలు, ఆయనకేమో పేరు వెనక దేవ, రాయ అంటూ అంత హంగుంది. ఉత్త కృష్ణ అనే పేరుతో ఏలినవాడు ఒక్కడైనా లేడా అని సరదాగా వెతకడం మొదలుపెడితే వరసపెట్టి తగిలారు. విచిత్రం ఏంటంటే వాళ్ళలో చాలామంది ఒకే దారిలో ఉన్నారు, నాసిక్ నుంచి ఎల్లోరా మీదుగా దేవగిరి వరకు, రెండు వందల కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ. ఇంక ఆగబుద్ధి కాలేదు.

తోడుగా మా బావమరిది శంకర్ వచ్చాడు. వాడికి చరిత్ర అంటే పెద్ద ఆసక్తి లేదు, గుహలు, కోటలు అంటే ఫోటోలు బాగా వస్తాయని బయల్దేరాడు. రైలెక్కగానే ఒక షరతు పెట్టాడు. "బావా, నీ కృష్ణులు ఎంతమంది దొరికినా నాకు అభ్యంతరం లేదు, కానీ నాకు కూడా ఒక శంకరుణ్ణి చూపించాలి" అని. సరేలేరా అన్నాను, దొరుకుతాడని నాకేం నమ్మకం లేదు.

నాసిక్ దగ్గర, ముంబై వెళ్ళే హైవే పక్కన ఒక కొండ ఉంది. పాత పేరు త్రిరశ్మి. ఇప్పుడందరూ పాండవలేణి అంటారు గానీ పాండవులకీ దానికీ ఏ సంబంధం లేదు, 24 గుహలు, ఎక్కువ భాగం బౌద్ధ భిక్షువుల కోసం తొలిచినవి. మెట్లెక్కి వచ్చినవాళ్ళంతా తిన్నగా 3వ గుహకి పోతారు, పోవాల్సిందే కూడా, ఎందుకంటే మనం చిన్నప్పుడు పుస్తకంలో చదువుకున్న గౌతమీపుత్ర శాతకర్ణి గొప్పలన్నీ ఆ గోడ మీదే ఉన్నాయి. ఆయన తల్లి గౌతమీ బాలశ్రీ, మనవడు పులుమావి రాజ్యానికొచ్చిన 19వ ఏట చెక్కించిన శాసనం అది. కొడుకు పోయాక తల్లి రాయించిందని తెలిసి చదివితే ఆ బిరుదుల వరస వేరేగా వినిపిస్తుంది. 10వ గుహలో ఆ శాతకర్ణి ఓడించిన నహపానుడి అల్లుడు ఉషవదాతుడి దానాల జాబితా ఉంది. శత్రువులిద్దరి గోడలూ నాలుగడుగుల దూరంలో ఉన్నట్టే.

నా మనిషి ఉన్నది 19వ గుహలో. చైత్యం (స్తూపం ఉన్న ప్రార్థన మందిరం) పక్కనే, కాస్త దిగువన, చిన్నది, లోపల చుట్టూ ఆరు గదులు. అక్కడ కాపలా ఉన్నాయన మేం దారి తప్పామనుకుని, మూడో నంబరు అటు, అటు అని చేత్తో చూపిస్తూనే ఉన్నాడు. కాదండీ మాకు కావాల్సింది ఇదే అంటే కొంచెం అనుమానంగా చూసి మా వెనకే నిలబడ్డాడు. శాసనం కిటికీ పైభాగాన ఉంది, అంత పెద్దదేం కాదు. నాకు బ్రాహ్మి రాదు, కానీ ఒక్క అక్షరం మాత్రం నేర్చుకుని వెళ్ళాను. బ్రాహ్మిలో 'క' అంటే లెక్కల్లో కూడిక గుర్తే, అచ్చం అలాగే ఉంటుంది, గుణింతం గుర్తులు దానికే పైనా కిందా అతుక్కుంటాయి. ఒక్క కూడిక గుర్తు దొరికితే చాలు అనుకుని టార్చి వేస్తే ఆ కొద్దిపాటి రాతలో అవి చాలానే ఉన్నాయి. కులే, కన్హే, నాసికకేన, కారిత, అన్నిట్లో కకారమే మరి. వేలితో గాల్లో లెక్కపెట్టుకుంటూ, "సాదవాహన కులే" దాటి రెండో కూడిక గుర్తు దగ్గర ఆగాను. "కన్హే రాజిని". శాతవాహన కులంలో కృష్ణుడు రాజుగా ఉండగా. ప్రాకృతంలో మా పేరు అలాగే పలికేవారు.

అయితే గుహ తొలిపించింది ఈ కృష్ణుడు కాదు. నాసిక్‌లో శ్రమణుల, అంటే భిక్షువుల వ్యవహారాలు చూసే ఒక మహామాత్రుడు (పెద్ద అధికారి) చేయించాడు, ఫలానా రాజు కాలంలో అని చెప్పడానికి మాత్రమే రాజు పేరు వాడాడు. అంటే మా పేరు అక్కడ తేదీ పని చేసిందన్నమాట! అయినా శాతవాహన శాసనాల్లో బాగా పాతవాటిలో ఇదొకటి. పురాణాల ప్రకారం వంశం మొదలుపెట్టిన శిముకుడికి ఈ కృష్ణుడు తమ్ముడు. క్రీస్తు పూర్వం నాటి మనిషి, దేవుడు కాడు, కథలో పాత్ర కాడు, ఒక ఆఫీసరు పైన బాస్‌గా పనిచేసిన రాజు. నాకు ఆ మామూలుతనమే బాగా నచ్చింది.

నాసిక్ నుంచి త్రయంబకం వెళ్ళే దారిలో అంజనేరి వస్తుంది. అంజనేరి పేరు మీద ఒక రాగి శాసనం ఉంది, 710 ప్రాంతంలో భోగశక్తి అనే స్థానిక పాలకుడు వేయించినది, అందులో లావాదేవీలకి "కృష్ణరాజ రూపకాలు" అనే నాణేలు చెప్పాడు. ఈ కృష్ణరాజు కలచూరి రాజు, 6వ శతాబ్దం వాడు, రాజధాని మాహిష్మతి (సినిమాలోది కాదు, నర్మద ఒడ్డున నిజంగానే ఉండేది). రాజు పోయి, ఆ వంశం ఓడిపోయి, ఏలేవాళ్ళు మారిపోయి, నూరేళ్ళు దాటినా జనం చేతుల్లో అతని వెండి నాణేలు తిరుగుతూనే ఉన్నాయన్నమాట. ఆ నాణెం మహా అయితే చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఒకవైపు రాజు తల, రెండోవైపు కూర్చున్న నంది, చుట్టూ శివభక్తుణ్ణని, తల్లిదండ్రుల పాదాలు తలచుకునేవాణ్ణని రాతలు, చివర శ్రీ కృష్ణరాజ. పేరేమో విష్ణువుది, భక్తేమో శివుడికి.

ఆ వంశావళి ఫోన్లో చూస్తుంటే కృష్ణరాజు కొడుకు పేరు శంకరగణుడు అని కనబడింది. శంకర్‌కి చూపించాను. "నీ కొడుకునా?" అని మొహం ముడుచుకున్నాడు. వరస బాగాలేదు, వేరేది వెతుకు అన్నాడు.

ఎల్లోరా గురించి తెలియనివాళ్ళు ఉండరు కాబట్టి దాని గొప్పతనం నేను కొత్తగా చెప్పేదేం లేదు. మంగళవారం మూసేస్తారు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. 16వ నంబరు కైలాసం రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుడిది, ఏలుబడి 756 నుంచి 774 ప్రాంతం దాకా. ముందు లోపలికి పోకుండా పక్కనున్న బాట పట్టి కొండ పైకి ఎక్కండి, అక్కణ్ణుంచి కిందికి చూస్తే గానీ ఇది కట్టిన గుడి కాదని బుర్రకెక్కదు. పైనుంచి కిందికి రాయి తొలుచుకుంటూ దిగారు, 80 మీటర్లకి పైగా పొడవు, 45 మీటర్లకి పైగా వెడల్పు ఉన్న గొయ్యి, మధ్యలో వదిలేసిన రాయే గుడి. మండపం కప్పు మీద విచ్చుకున్న పద్మం, దాని మీద నాలుగు సింహాలు. కింద తిరిగేవాళ్ళకి ఆ సింహాలు కనబడవు, ఎవరి కోసం చెక్కారో తెలియదు. కిందికి దిగితే గుడి మొత్తాన్ని మోస్తున్నట్టు ఏనుగుల వరస, దక్షిణం వైపు కైలాసాన్ని ఊపుతున్న రావణుడు, అక్కడక్కడ ఇంకా అతుక్కుని ఉన్న పాత సున్నం, రంగులు.

ఇంత చేయించినవాడి పేరు ఎక్కడైనా ఉంటుందనుకుంటాం కదా. ఈ గుడి కృష్ణుడిదని చెప్పే ఆధారం ఈ గోడల మీద కాదు, బరోడాలో దొరికిన రాగిరేకుల్లో ఉంది, 812 నాటివి, అతని వంశంలోనే తర్వాతి తరాల కర్కరాజు వేయించినవి. ఎలాపురం కొండ మీది ఆ గుడిని విమానాల్లో పోతున్న దేవతలు చూసి ఇది తనంత తానే పుట్టి ఉంటుంది, మనుషులు చేస్తే ఇంత అందం రాదు అనుకున్నారట. చేసిన శిల్పి కూడా ఇంకోసారి చేయమంటే నా వల్ల కాదు, అసలు ఇది ఎలా చేశానో అని ఆశ్చర్యపోయాడట. దేవతల సంగతి ఏమో గానీ శిల్పి మాట మాత్రం నిజంగా అని ఉంటాడనిపిస్తుంది. పక్కన 15వ గుహ దశావతారం దగ్గర, కృష్ణుడికి ముందు ఏలిన దంతిదుర్గుడి శాసనం ఉంది. అంటే అన్న కొడుకు పేరు రాయి మీద నిలిచింది, ఇంత కొండ తొలిపించిన పినతండ్రి పేరు కోసం బరోడా పోవాలి. కైలాసం పని దంతిదుర్గుడే మొదలుపెట్టాడు, కృష్ణుడి తర్వాత కూడా సాగింది అనే పండితులున్నారు, ఉండనీ, నా వాటా నేను వదులుకోను. ఇదే కృష్ణుడు కొడుకు గోవిందుణ్ణి వేంగి మీదికి పంపాడు, 770లో ఆ కుర్రాడు వేంగిరాజును లొంగదీసి శాసనం వేయించింది కృష్ణా, మూసీ కలిసే చోట విడిదిలో, మన వాడపల్లి దగ్గర.

21వ గుహ కూడా వదలకండి, గుమ్మం పక్కన మొసలి మీద నిలబడ్డ గంగ ఉంటుంది, మొత్తం ఎల్లోరాలో నాకు బాగా నచ్చిన బొమ్మ అదే. అది కలచూరుల కాలానిదని చాలామంది పండితుల మాట, అంటే వెండి నాణెం కృష్ణరాజు ఇక్కడా తగిలాడు.

ఎండకి తట్టుకోలేక చెట్టు నీడలో కూలబడినప్పుడు మిగతా రాష్ట్రకూట కృష్ణుల లెక్క తీశాం. మూడో కృష్ణుడు గట్టివాడు. 949లో తక్కోలం దగ్గర చోళులతో యుద్ధం, ఏనుగు మీదున్న చోళ రాకుమారుడు రాజాదిత్యుడు అక్కడే పోయాడు, తమిళ శాసనాల్లో కంచి, తంజావూరు గెలిచినవాడు అని ఇతని బిరుదు. కుర్క్యాల బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు చెక్కించిన తెలుగు కంద పద్యాలు ఇతని కాలానివే.

రెండో కృష్ణుడి కథ వేరు. వేంగి రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని, అద్దంకి శాసనంలో తరువోజ పద్యంలో కనబడే ఆ పండరంగడే, ఇతణ్ణి తరిమి తరిమి కొట్టాడు. అతను వెళ్ళి కిరణపురంలో తలదాచుకుంటే ఆ ఊరే తగలబెట్టారు. ఒక కృష్ణుణ్ణి ఇంకో పాండురంగడు తరిమాడు, అదీ తెలుగువాడు, నాకు ఎవరి పక్షం ఉండాలో అర్థం కాలేదు. ఇంతలో అసలు సంగతి తగిలింది. కిరణపురంలో కృష్ణుడితో పాటు ఉన్నది చేది దేశపు శంకిలుడు, అంటే శంకరగణుడే, కృష్ణుడి భార్యకి తోబుట్టువు.

"ఎవరూ?" అన్నాడు శంకర్ లేచి కూర్చుని.

"బావమరిదిరా. బావతో పాటు తన్నులు తిన్నాడు."

వాడి ఆనందం చూడాలి. ఓడిపోయిన సంగతి పట్టించుకోలేదు, వరస కుదిరింది, అంతే. ఆ ఊరు ఎక్కడుందో అప్పటికప్పుడు వెతికాడు, మధ్యప్రదేశ్ బాలాఘాట్ జిల్లాలో కిర్నాపూర్ అదేనంటారు.

ఎల్లోరా నుంచి తిరిగొచ్చే దారిలోనే దేవగిరి, ఇప్పటి దౌలతాబాద్. దూరం నుంచి చూస్తేనే కొండ చుట్టూ గోడలా నిలువునా చెక్కేసినట్టు ఉంటుంది, దాని కింద కందకం, లోపల గబ్బిలాలతో నిండిన చీకటి సొరంగం, ఫోన్ లైటు వేసుకుని చెయ్యి పట్టుకుని నడవాలి, ఆ వాసనకి నాకు కడుపులో తిప్పింది. ఇక్కడ యాదవ రాజు కృష్ణుడు ఏలింది 1246 నుంచి 1261 ప్రాంతం వరకు. అతని ఏనుగుల దళానికి అధిపతి జల్హణుడు 1258లో సంస్కృత శ్లోకాలు ఏర్చికూర్చి సూక్తిముక్తావళి తయారుచేయించాడు, ఏనుగుల పని చూసుకునే ఆఫీసరు కవిత్వం పోగుచేయించడం అనేది నాకు ఆ కాలం గురించి చాలా చెప్పింది. కోటలో మాత్రం ఈ కృష్ణుడి ఊసు ఎవరూ ఎత్తరు. గైడ్లు చెప్పేది 1296లో అల్లావుద్దీన్ వచ్చి పడడం, 1327లో తుగ్లక్ రాజధాని మార్చడం. అల్లావుద్దీన్‌కి లొంగిన రామచంద్రుడు ఈ కృష్ణుడి కొడుకే. కృష్ణుడి తమ్ముడు మహాదేవుడు మన రుద్రమ మీదికి వచ్చినవాడు, ఆమె తరిమికొట్టిందని మన కథ, ఆడదని మహాదేవుడే వదిలేశాడని అతని మంత్రి హేమాద్రి రాత. చీనీమహల్ అనే శిథిలం దగ్గర కాసేపు ఆగాం, గోల్కొండ పడిపోయాక తానీషాని ఔరంగజేబు తెచ్చి బంధించింది అక్కడే, ఆయన పోయింది కూడా అక్కడే. తెలుగువాళ్ళు దేవగిరిలో చూడాల్సిన చోటు అదొకటి, బోర్డు చూడకుండా దాటిపోతారు.

పైకెక్కి కూర్చున్నాక శంకర్‌కి చివరిది చెప్పాను. రామచంద్రుడి తర్వాత గద్దెక్కిన అతని కొడుకు శంకరదేవుడు. ఢిల్లీకి కప్పం కట్టనని తిరగబడ్డాడు, 1313 ప్రాంతంలో మాలిక్ కాఫూర్ వచ్చి చంపేశాడు.

"అంటే నీకు మనవణ్ణి" అన్నాడు.

"అవును."

"మళ్ళీ వరస చెడింది గానీ, మీ కృష్ణుడి కన్నా మా వాడే నయం బావా, వీడు కప్పం కట్టనన్నాడు" అని ఆ కోట మీద నుంచి సెల్ఫీ దిగి ఇంట్లో గ్రూపులో పెట్టేశాడు, కింద శంకరదేవ మహారాజు అని.

ఈసారి ఎక్కడికి అనే దాని మీద దిగేటప్పుడు మొదలైన గొడవ ఇంకా నడుస్తోంది. వాడు కిర్నాపూర్ అంటాడు, బావాబావమరుదులు కలిసి ఉన్న ఊరు కదా అని. నేను తక్కోలం అంటున్నాను. ఆ కాలిపోయిన ఊరు చూడడం కన్నా కృష్ణుడు యుద్ధం గెలిచిన చోట ఒకసారి నిలబడితే బావుంటుందని నా ఉద్దేశం.