లేపాక్షి తీగ, కంబళి నలుపు: నా హుక్డ్ రగ్గు ఎంతవరకొచ్చింది

గోతం రంధ్రాల్లోంచి ఉన్ని పీలికలను హుక్కుతో చిన్న చిన్న లూపులుగా పైకి లాగి చేసేదే హుక్డ్ రగ్గు. నా రగ్గులో తీగ పని అయిపోయింది. ఇక చుట్టూ నలుపు నింపడమే. రగ్గు సైజు 24 అంగుళాలకు 18. లేపాక్షి లతామండపం స్తంభాల మీది తీగ చూసి గీసుకున్నాను. మొదట హంస వేద్దామనుకుంటే, "కాళ్ల కింద హంసనేస్తావా? సరస్వతమ్మ వాహనం కదమ్మా" అని మా అత్త ఒప్పుకోలేదు. ఆమె మాటా నిజమే. హంసను గోడకు తగిలించేదానికి ఉంచాను.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలోనూ, కెనడా తూర్పుతీరం పల్లెల్లోనూ 19వ శతాబ్దంలో ఈ పని బాగా సాగింది. ఆడవాళ్లు ధాన్యం గోతాలు విప్పి, చిరిగిన ఉన్నిబట్టలు పీలికలు చేసి రగ్గులు చేసుకునేవారు. 1868 ప్రాంతంలో ఎడ్వర్డ్ శాండ్స్ ఫ్రాస్ట్ అనే తగరపు సామాన్ల వ్యాపారి గోతం మీద డిజైన్లు అచ్చేసి అమ్మాడు. నాకు మాత్రం ఆ అచ్చుల కన్నా, వాళ్లు బొగ్గుతో సొంతంగా గీసుకున్న పిల్లులూ కోళ్లే ఇష్టం.

నాది శనక్కాయల గోతం. అనంతపురంలో పాతవి దొరుకుతాయి. వెలుతురుకు పట్టి చూసి, రంధ్రాలు సమంగా ఉన్నదాన్ని ఏరుకోవాలి. డిజైన్ చుట్టూ 4 అంగుళాలు వదిలి, పోగులు ఊడకుండా అంచుకు మిషన్ కుట్టు వేశాను.

నలుపుకు మా మామ పాత కంబళి తీసుకున్నా. గొర్రె ఉన్ని సహజ నలుపు అది, ఏ రంగు డబ్బాలోనూ దొరకదు. నేసేటప్పుడు పడుగుకు (నిలువు పోగులకు) పట్టించిన చింతగింజల గంజి బిరుసు ఏళ్ల వాడకంలో పోయింది. వేడినీళ్లలో సబ్బేసి బాగా పిసికితే ఉన్ని దగ్గరపడి, కత్తిరించినా పోగులు రాలవు. పీలిక వెడల్పు పావు అంగుళం. నింపే జాగాకు నాలుగింతల బట్ట పడుతుంది.

పీలికను ఎడమచేత్తో గోతం కింద పట్టుకుని, పైనుంచి హుక్కు దించి, పావు అంగుళం ఎత్తు లూపు లాగాలి. లాగేటప్పుడు హుక్కును వెనకటి లూపు వైపు వాల్చితే అది ఊడిరాదు. పీలిక కొసలు రెండూ పైకే తెచ్చి, లూపుల ఎత్తుకు కత్తిరించాలి. ముళ్లేమీ ఉండవు, పక్క లూపుల ఒత్తిడే పట్టి ఉంచుతుంది. అలాగని ప్రతి రంధ్రమూ నింపితే రగ్గు కాల్చిన అప్పడంలా వంకర్లు పోతుంది. రెండుమూడు లూపులకు ఒక రంధ్రం వదలాలి. అసలు పనితనమంతా ఈ వదలడంలోనే ఉంది.

నలుపు పూర్తయ్యాక తడిగుడ్డ పరిచి ఇస్త్రీ చేసి, అంచు వెనక్కి మడిచి ఉన్నిదారంతో కుట్టాలి. వాడకంలో నీళ్లలో నానబెట్టకూడదు, గోతం పాడవుతుంది. దుమ్ము దులిపి కాసేపు నీడలో ఆరేస్తే చాలు.