అసలు, కొసరు

2025 జూలై 30. రాత్రి బాగా పొద్దుపోయాక నెల్లూరు అన్న ఫోను చేశాడు. "నీ జతగాడు తిరిగి వచ్చేస్తున్నాడయ్యా" అన్నాడు, పలకరింపు కూడా లేకుండా. పిల్లలు పడుకున్నారు కాబట్టి బాల్కనీలోకి వెళ్లి మాట్లాడాను. జతగాడంటే యుహేనియో సువారెజ్, వెనెజువెలా నుంచి వచ్చిన బేస్‌బాల్ ఆటగాడు. నేను అతన్ని దగ్గరగా చూసింది కూడా లేదు. చవక టికెట్టు కొని, స్టేడియం పై అంతస్తు కుర్చీలోంచి చూశాను, అంతే. అయినా మా ఇద్దరి జాతకాలూ ఒకే పంతులు రాశాడని అన్నకు నమ్మకం.

ఇద్దరం సియాటిల్‌కు 2022లోనే వచ్చాం. ఇద్దరం కొసరుగానే వచ్చాం. కూరగాయల బండి దగ్గర కిలో వంకాయలు తూచాక పైన రెండు వేయించుకుంటామే, అలాగ. ఆ మార్చిలో సిన్సినాటి జట్టు నుంచి సియాటిల్ మేరినర్స్ కోరి తెచ్చుకున్న బ్యాటర్ జెస్సీ వింకర్. సిన్సినాటి వాళ్లు ఖర్చులు తగ్గించుకునే పనిలో ఉన్నారు. వింకర్ కావాలంటే పెద్ద జీతమున్న సువారెజ్‌ను కూడా తీసుకుపోవాలన్నట్టు బేరం కుదిరింది. నా సంగతీ అంతే. డాలస్‌లోని మా కన్సల్టెన్సీ ఇక్కడి ఒక కంపెనీకి పేరున్న సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టును ఒప్పజెబుతూ, టెస్టింగ్ చూసుకునే నన్ను మొదటి మూడు నెలలు బిల్లు లేకుండా పైన వేసింది.

అసలు కన్నా కొసరు ముద్దు అంటారు కదా. ఆ ఏడాది సువారెజ్ 31 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. 2001 తర్వాత ప్లేఆఫ్ (సీజను చివరి నాకౌట్ దశ) మొహం చూడని జట్టు, 21 ఏళ్లకు మళ్లీ అక్కడికి చేరింది. వింకర్‌ను డిసెంబరులోనే మిల్వాకీకి పంపేశారు. మా ఆర్కిటెక్టు గారూ వేసవి చివరికల్లా ఇంకో ఉద్యోగం చూసుకున్నారు. నన్ను మాత్రం ఆ కంపెనీ తన సొంత ఉద్యోగిగా చేర్చుకుంది.

నాకు బేస్‌బాల్ నేర్పింది అక్కడి పెద్దాయన ఒకరు. కింగ్‌డోమ్ స్టేడియం ఉన్న రోజుల నుంచి ఈ జట్టును నమ్ముకుని, ఏటా మోసపోతూ ఉన్న మనిషి. మధ్యాహ్నం నా పెరుగన్నం డబ్బా పక్కన తన బ్రెడ్డు పెట్టుకుని స్కోరుకార్డు రాయడం నేర్పేవాడు. క్రికెట్ చూసి పెరిగిన కంటికి ఈ ఆటలో మొదట మింగుడు పడనిది స్ట్రైకౌట్. వికెట్లు లేవు, ఎల్‌బీడబ్ల్యూ లేదు. కొట్టాల్సిన బంతిని వదిలేసినా, బ్యాటు ఊపి తప్పినా ఒక స్ట్రైకు; మూడు స్ట్రైకులు పడితే తల దించుకుని వెళ్లిపోవడమే. సువారెజ్ అలా వెళ్లడంలో ఘనుడు. 2023లో 214 సార్లు వెళ్లాడు. ఆ నవంబరులో జట్టు అతన్ని అరిజోనాకు ఇచ్చేసి, బదులుగా ఒక క్యాచర్‌నీ (మన వికెట్‌కీపర్ లాంటివాడు), ఆట మధ్యలో బంతి అందుకునే ఒక రిలీఫ్ పిచ్చర్‌నీ (పిచ్చరంటే మన బౌలరు) తెచ్చుకుంది. స్ట్రైకౌట్లు తగ్గించుకోవాలి, జీతం మిగుల్చుకోవాలి అన్నారు.

నన్ను అదే ఏడాది జనవరిలో పంపేశారు. పొద్దున్నే మెయిలు, పదింటికల్లా లాప్‌టాప్ మూగబోయింది. హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. ఈలోగా మరొకరు వీసా పత్రాలు దాఖలు చేయకపోతే దేశం వదలాలి. నాకు 52వ రోజున ఒక కన్సల్టెన్సీ దొరికింది. ఆ 52 రోజుల గురించి ఇంట్లో ఇప్పటికీ ఎవరమూ మాట్లాడుకోం.

ఇక అసలు తగువు 2024 వేసవిది. ఆ జూన్ 18న మేరినర్స్ తమ విభాగంలో పది ఆటల ఆధిక్యంలో ఉన్నారు. జూలై మూడో వారానికి అది మొత్తం కరిగిపోయింది. పిచ్చర్లేమో బంగారం: గిల్బర్ట్, కర్బీ, కాస్టియో, మిల్లర్, వూ. బ్యాటింగేమో నీళ్ల మజ్జిగ. ఆ ఏడు జట్టు బ్యాటింగ్ సగటు .224, అంటే వెయ్యి ప్రయత్నాలకు 224 హిట్లు; స్ట్రైకౌట్లు 1,625. లీగు మొత్తంలో ఇన్ని స్ట్రైకౌట్లయిన జట్టు మరొకటి లేదు. జట్లు ఆటగాళ్లను మార్చుకునే ట్రేడ్‌కు గడువు జూలై నెలాఖరు. ఇంకో బ్యాటరును తెచ్చుకోవాలా, వద్దా?

"కొనమనయ్యా, ఏం ఆలోచిస్తారు? కూర రుచిగా ఉంటే సరిపోతుందా, అన్నం ఉండొద్దా?" అనేవాడు నెల్లూరు అన్న. పెద్దాయనకు ఫోనులో సందేశం పెడితే ఆయన చరిత్ర విప్పేవాడు. 1997 జూలైలో ఇలాగే గాభరా పడి హీత్‌క్లిఫ్ స్లోకంబ్ అనే రిలీఫ్ పిచ్చర్ కోసం బోస్టన్‌కు డెరెక్ లోను, జేసన్ వరిటెక్‌ను ఇచ్చేశారు. ఆ ఇద్దరూ 2004లో బోస్టన్ కప్పు గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నారు. 1988లో కథ తిరగబడింది. ఇంకో బ్యాటర్ కావాలని తహతహలాడింది న్యూయార్క్ యాంకీస్. సియాటిల్ నుంచి కెన్ ఫెల్ప్స్‌ను తీసుకుని కుర్రవాడైన జే బ్యూనర్‌ను ఇచ్చింది. బ్యూనర్ సియాటిల్ తరఫున 307 హోమ్ రన్లు కొట్టాడు. "ఆకలి మీద అంగడికి వెళ్లకూడదు" అన్న అర్థం వచ్చేలా ముగించేవాడు పెద్దాయన.

నేను అన్న పక్షమే. ఇప్పటికీ అదే మాట అంటాను. పిచ్చరు మోచేయి మట్టికుండ లాంటిది, ఎప్పుడు బీటలు వారుతుందో చెప్పలేం. ఐదుగురు ఒకేసారి కుదిరిన కాలంలో, వాళ్ల జీతాలింకా పెరగని కాలంలో బ్యాటును కొనకపోతే ఇంకెప్పుడు కొంటారు? అయితే ఆ పిచ్చర్లలో ఒకరిని ఇచ్చి మాత్రం కాదు. అప్పుడు ఇల్లమ్మి గుమ్మం కొన్నట్టవుతుంది. చివరికి జట్టు కూడా మధ్యేమార్గం పట్టింది. టాంపా బే నుంచి రాండీ అరోజరేనా, టొరాంటో నుంచి జస్టిన్ టర్నర్ వచ్చారు, వాళ్లకు బదులు చిన్న లీగుల కుర్రాళ్లు వెళ్లారు. ఆగస్టులో మేనేజర్‌ను పంపేశారు. 85 విజయాలు దక్కాయి. ప్లేఆఫ్‌కు ఒక్క ఆట తక్కువైంది. ఒకే ఒక్క ఆట! అన్న రెండు రోజులు ఫోను ఎత్తలేదు.

ఈ ఊరికి మంచి బ్యాటర్లు తమంతట తాము ఎందుకు రారో నాకు ఆ తర్వాత అర్థమైంది. స్టేడియం పక్కనే సముద్రపు పాయ. ఏప్రిల్ రాత్రుల్లో చల్లటి గాలి చిక్కగా ఉంటుంది. ఇంకో ఊళ్లో కంచె దాటే బంతి ఇక్కడ ఫీల్డర్ చేతిలో చతికిలపడుతుంది. ఏ ఊరికి వెళ్లాలో ఎంచుకునే హక్కు ఉన్న బ్యాటర్, తన సగటును తానే పాడుచేసుకోవడానికి ఇక్కడికి ఎందుకొస్తాడు? కాబట్టి సియాటిల్‌కు చాలాకాలంగా మిగిలిన దారి ట్రేడ్. అంటే, ఎంచుకునే హక్కు లేనివాణ్ని తెచ్చుకోవడం.

ఈ ముక్క అర్థమైన రోజు బస్సులో, వాషింగ్టన్ సరస్సు మీది తేలే వంతెన దాటుతూ, ఫోను పక్కన పెట్టేశాను. మమ్మల్ని తెచ్చుకునేదీ అందుకే కదా అనిపించింది.

బేస్‌బాల్ ఆటగాడికి మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండాక గానీ తన జట్టును తాను ఎంచుకునే స్వేచ్ఛ రాదు. హెచ్-1బి గడువు కూడా ఆరేళ్లే. కాకపోతే వాళ్లకు ఆరేళ్లు నిండితే తలుపు తెరుచుకుంటుంది, మాకు మూసుకుంటుంది. గ్రీన్ కార్డు కోసం యజమాని వేసిన ఐ-140 అనే దరఖాస్తు ఆమోదం పొందితే పొడిగిస్తారు, ఆ తర్వాత గ్రీన్ కార్డు వరుసలో నిలబడాలి. నా వరుస తేదీ 2014. ఇంకా పిలుపు రాలేదు. జీతాల్లో పోలికే లేదనుకోండి. ఏడాదికి కోటిన్నర డాలర్లు తీసుకునే సువారెజ్ మీద జాలిపడితే మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు.

వాళ్లకైనా ఆ ఆరేళ్ల తలుపు ఊరికే రాలేదు. దాని వెనక ఉన్నది కూడా ఒక బ్యాటర్ కోసం జరిగిన ట్రేడే. 1969లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ నాలుగో స్థానంలో మిగిలింది. డిక్ అలెన్ అనే గట్టి బ్యాటరును ఫిలడెల్ఫియా నుంచి తెచ్చుకోవాలనుకుంది. బదులుగా ఇచ్చినవాళ్లలో కర్ట్ ఫ్లడ్ ఒకడు. పన్నెండేళ్లు ఆ ఊళ్లో ఆడిన మనిషి, అతన్ని ఎవరూ అడగలేదు. ఫ్లడ్ వెళ్లనన్నాడు. నన్ను కొని అమ్మడానికి నేను ఎవరి ఆస్తినీ కానంటూ లీగు కమిషనర్‌కు ఉత్తరం రాశాడు, కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో 5-3తో ఓడిపోయాడు. అప్పటికే అతని ఆట జీవితం ముగిసిపోయింది. జట్టును ఎంచుకునే ఆ స్వేచ్ఛ, ఫ్రీ ఏజెన్సీ, 1975 చివర్లో వచ్చింది, వేరేవాళ్ల కేసులో, వేరేవాళ్ల కోసం. పదేళ్ల సర్వీసు, అందులో చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఉన్నవాణ్ని అడగకుండా ట్రేడ్ చేయకూడదన్న నియమాన్ని ఇప్పటికీ ఫ్లడ్ పేరుతో పిలిచేవాళ్లున్నారు. ఇదంతా చెప్పి పెద్దాయన, "మీకు అలాంటివాడు ఇంకా పుట్టలేదా?" అని అడిగాడు. పుట్టినా 60 రోజుల్లో విమానం ఎక్కించేస్తారు అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

2025 వసంతంలో నన్ను పంపేసిన కంపెనీయే మళ్లీ పిలిచింది. నేరుగా కాదు. వాళ్లు ఒక వెండరును అడిగారు, వెండరు మా కన్సల్టెన్సీని అడిగింది, కన్సల్టెన్సీ నన్ను అడిగింది. అదే పని, అదే అంతస్తు, రెండేళ్ల క్రితం నేను రాసిన టెస్టులే ఇంకా నడుస్తున్నాయి. నా గంటకు కంపెనీ కట్టే డబ్బు మునుపటి నా జీతం కన్నా ఎక్కువ. దారిలో ఇద్దరు తలా ఇంత తీసుకున్నాక నా చేతికి వచ్చేది అంతకన్నా తక్కువ. బ్యాడ్జీ రంగు మారింది. పెద్దాయన అక్కడే ఉన్నాడు, అదే బ్రెడ్డు తింటూ. నాకిచ్చిన బల్ల సొరుగులో సగం వాడిన గ్రీన్ టీ పెట్టె, పసిపిల్ల చేతి రంగుల బొమ్మ ఒకటి ఉన్నాయి. అడిగితే, ఆ సీటులో ఉన్నామెను ఫిబ్రవరిలో పంపేశారన్నారు.

ఇది జరిగిన కొన్ని నెలలకే అన్న ఫోను. స్ట్రైకౌట్లు ఎక్కువని సాగనంపిన సువారెజ్‌నే మేరినర్స్ అరిజోనా నుంచి తిరిగి తెచ్చుకున్నారు. వారం ముందే అక్కడి నుంచే జాష్ నేలర్‌నూ తెచ్చారు. అరిజోనాలో ఆ ఏడాది అప్పటికే 36 హోమ్ రన్లు కొట్టిన సువారెజ్, ఇక్కడికి రాగానే పాత బాణీలో పడ్డాడు. స్ట్రైకౌట్ మీద స్ట్రైకౌట్. అతను మారలేదండీ. 2023లో వాళ్లు అతని స్ట్రైకౌట్లు లెక్కపెట్టారు, 2025లో హోమ్ రన్లు లెక్కపెట్టారు. నా పాత మేనేజర్ నన్ను ఆహ్వానిస్తూ, "నీ అనుభవం మాకు చాలా అవసరం" అన్నప్పుడు నాకూ ఇదే గుర్తొచ్చింది. ఆ అనుభవం జనవరి 2023లోనూ నా దగ్గరే ఉంది.

అక్టోబరు 17, శుక్రవారం. టొరాంటోతో సెమీఫైనల్ లాంటి సిరీస్ చెరి రెండు, ఐదో ఆట ఇక్కడే. మధ్యాహ్నం మూడు దాటగానే మొదలైంది. ఆ రోజు మా అంతస్తులో ఎంత పని జరిగిందో రాస్తే బిల్లు ఆపేస్తారు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మా కాల్ రాలీ హోమ్ రన్‌తో స్కోరు సమం. బేసుల మీద ముగ్గురు నిండారు. సువారెజ్ వచ్చాడు. కొట్టాడు. బంతి కుడి ఫీల్డ్ కంచె దాటింది. నాలుగు పరుగులు. ఎప్పుడూ పలకరించని పక్క టీము మనిషి నన్ను కౌగిలించుకున్నాడు. ఫోనులో అన్న అరుపులు. మూడు రోజుల తర్వాత ఏడో ఆటలో టొరాంటో ఆటగాడు స్ప్రింగర్ కొట్టిన ఒక్క దెబ్బకు 4-3తో ఓడి, ఫైనల్ అయిన ప్రపంచ సిరీస్ ముఖం చూడని ఏకైక జట్టుగా మేరినర్స్ మిగిలిపోయిందన్నది వేరే సంగతి. ఆ సాయంత్రం మాత్రం మాది.

గోల సద్దుమణిగాక పెద్దాయన దగ్గరికి వెళ్లి, "ఇప్పుడైనా ఒప్పుకుంటారా, బ్యాటరును కొనడం మంచిదైందని?" అన్నాను. ఒప్పుకున్నాడు. తర్వాత, "అతనికి బదులుగా ఎవరిని పంపారో చెప్పు" అన్నాడు.

ముగ్గురని తెలుసు. ఒక్క పేరు గుర్తు రాలేదు. గదిలో ఎవరికీ రాలేదు. ఆయనే చెప్పాడు: టైలర్ లాక్లియర్, హంటర్ క్రాంటన్, హువాన్ బుర్గోస్.

నా బల్ల దగ్గరికి వచ్చి, ఇంటికి వెళ్లేముందు సొరుగు తీశాను. టీ పెట్టె అలాగే ఉంది. బొమ్మలో ఒక ఇల్లు, ఒక పచ్చ చెట్టు, పొడుగు చేతుల అమ్మ. పారేయలేదు. ఆమె చిరునామా అడుగుదామని ఆరు నెలలుగా అనుకుంటున్నాను గానీ, ఇక్కడ ఎవరిని అడగాలో తెలియడం లేదు.